జేజి చూపిన బావి

"ఇదిగోండమ్మా మీ నీళ్ల చోటు. బావి గుర్తు ఎంత స్పష్టంగా ఉందో చూడండి" అంటూ సర్వే ఆఫీసులో ఆయన కంప్యూటర్ తెర మీద వేలితో తట్టాడు.

నేను కళ్లజోడు సర్దుకుని వంగి చూశాను. పాత పటం. అంచులు పసుపు పట్టి ఉన్నాయి. మా పాత వీధి మలుపు దగ్గర చిన్న నీలం చుక్క. దాన్ని చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. అది ఉప్పునీళ్ల బావి. ఆ నీళ్లు పోసి పొద్దంతా ఉడికించినా కందిపప్పు మెత్తబడేది కాదు. పట్టు ముంచితే బిరుసెక్కిపోయేది. దాన్ని పూడ్చేసి, పైన సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు.

"అది కాదప్పా" అన్నాను. "మా నీళ్లు ఏట్లో ఉండాయి. ఇసుకలో."

"ఏట్లో ఏమీ లేదు కదమ్మా." ఆయన బొమ్మను పెద్దది చేశాడు. ఏటి కడుపంతా సన్నసన్న చుక్కలు. "ఈ చుక్కలంటే ఇసుక. దారి లేదు, చెలమ లేదు, రేవు లేదు. ఆ కాలంలో వాళ్లు ఊరూరా నడిచి, ఊళ్లోవాళ్లను అడిగి మరీ వేసిన పటం ఇది. దీన్ని మించిన రుజువు ఏముంటుంది?"

పక్కనే నిలబడి ఉన్న నా మేనల్లుడు నా భుజం మీద చెయ్యి వేసి "ఇంటికి పోదాం పా అత్తా" అన్నాడు. వాడి గొంతులో అప్పటికే ఆశ లేదు.

వాడి గోడు చెప్పాలి. మాది పట్టు నూలుకు రంగులద్దే ఇల్లు. మా తమ్ముడు పోయాక రంగుల కొట్టం వాడే నడుపుతున్నాడు. ఆ కొట్టానికీ ఏటికీ మధ్య ఉన్న బీడును ఎవరో కొని గోడౌన్లు కడుతున్నారు. చుట్టూ గోడ లేస్తోంది. అది పూర్తయితే మాకు ఏటికి దారి ఉండదు. బోరునీళ్లలో ఉప్పు, ట్యాంకరు నీళ్లలో ఉప్పు. వాటితో కుంకుమ ఎరుపు వేస్తే ఇటుకరాయి రంగు వస్తుంది. ఏటినీళ్లు లేకపోతే కొట్టం మూసేసి రాప్తాడు పక్క షెడ్డుల్లో కూలికి పోతానని వాడు తేల్చేశాడు. పాత పటంలో దారో, నీళ్ల చోటో ఉంటే గోడకు సందు వదిలిస్తామని ఆఫీసులో అన్నారు. అందుకే వచ్చాం. పటంలో దారి ఉంది, ఉప్పుబావికి.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి తప్పు కూడా ఏం లేదు. వరం అడగాల్సిన రోజున మావాళ్లే వద్దన్నారు. ఆ నీలం చుక్క పెట్టిన రోజు నేను అక్కడే ఉన్నాను, మోచేతుల దాకా రంగుతో.

ఆ రోజుల్లో మా ఏరు చిత్రావతి అంటే మాకు నీళ్లు కాదు, పని. వానలు పడితే ఎర్రగా పొర్లి, కొన్నాళ్లకే ఇంకిపోయేది. మిగతా ఏడాదంతా ఇసుకే. ఆ ఇసుక పొడుగునా మనుషులు బతికేవాళ్లు. రైలు వంతెన నుంచి కిందికి వస్తే మొదట సున్నపు బట్టీలు, ఆ తర్వాత శెనక్కాయల నూనె మిల్లు, దాని పొగగొట్టం, ఇటుకల బట్టీలు, చిట్టచివర మా రంగుల కొట్టాలు. గాలి ఎటు తిరిగితే ఆ వాసన వచ్చేది. కొట్టాల నుంచి ఏట్లోకి దిగే కాలువల్లో ఒకదాంట్లో చిలకపచ్చ పారితే ఇంకోదాంట్లో వంకాయరంగు పారేది. మేకలు వాటిని దాటితే కాళ్లకు రంగు అంటేది. ఏ మేక ఎవరి కొట్టం వెనక మేసొచ్చిందో సాయంత్రం దాని కాళ్లు చూసి చెప్పేవాళ్లం.

పట్టు ఉడికే వాసన తెలియనివాళ్లకు దాన్ని చెప్పడం కష్టం. పట్టు నూలు కట్టలను, మా మాటలో చిలపలను, రాగిబానలో సబ్బునీళ్లలో వేసి ఉడకబెడితే వాటి జిగురు కరిగి, పురుగు కంపూ సబ్బు కంపూ కలిసి ముక్కుకు పట్టేసేవి. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల కొంగు లేకపోయినా గౌను అంచు ఎత్తి ముక్కుకు అడ్డం పెట్టుకునేది. నాకు మాత్రం ఆ వాసనకు ఆకలి వేసేది. ఎందుకంటే బాన దించే వేళకే మా జేజి, అంటే నాయనకు అమ్మ, జొన్నరొట్టెలు కాల్చేది. వేడి రొట్టె మీద ఊరిమిండి పెట్టి, దాని నడుమ నూనె చుక్క వేసి చేతికిచ్చేది. వేయించిన శెనక్కాయలూ పచ్చిమిరపకాయలూ కలిపి రోట్లో నూరిన ఆ ఊరిమిండి ఇప్పుడు మిక్సీలో ఎన్నిసార్లు చేసినా కుదరదు. నా చేతి మీద రంగు తడి ఆరక ముందే రొట్టె పట్టుకుంటే రొట్టె అంచు కూడా ఎర్రబడేది. అలాగే తినేసేవాళ్లం. ఇన్నాళ్లు బతికాను కాబట్టి ఏమీ కాలేదనే అనుకోవాలి.

ఇంట్లో మాట జేజిది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి. ఏరు ఇంకిపోయిన తర్వాత ఒక మంచిరోజు చూసుకుని, చెప్పులు విప్పి ఇసుకలో నడిచేది. నడిచి నడిచి ఒక చోట ఆగి "ఈడ తవ్వండి" అనేది. పసుపు చల్లి గంగమ్మకు టెంకాయ కొట్టాక, నాయన దిగి తవ్వేవాడు. అదీ మా చెలమ. ఏడాదంతా మా పట్టుకు ఆ నీళ్లే. ఎండలు ముదిరినా ఊరుతూనే ఉండేవి, మెత్తగా, తియ్యగా.

ఆ చెలమకు ఒక కట్టుబాటు ఉండేది. "దాహమన్నోనికి కడవెత్తి నీళ్లు పొయ్యి. చెలమ మాత్రం చూపించొద్దు" అనేది జేజి. ఇది ఒక్క మా ఇంటిదే కాదు, రంగులద్దే ఇళ్లన్నింటిదీ. ఎవరి చెలమ వాళ్లు సాయంత్రం కాగానే ముళ్లకంపతో కప్పి, పైన ఇసుక చల్లి, మేకలను ఒకసారి దాని మీదుగా తోలేవాళ్లు. దానికి పేరు కూడా పెట్టేవాళ్లు కాదు. పేరు పెడితే నలుగురి నోట్లో పడుతుందని. మా ఇంట్లో "ఆడికి పోయొస్తా" అంటే చాలు, చెలమకు పోతున్నారని అర్థం. జేజి కొత్తకోడలుగా ఉన్నప్పుడు ఎవరో పరాయి ఊరి అద్దకంవాళ్లు మంచిమాటలాడి చెలమ చూసిపోయారట. మరుసటి ఎండాకాలానికి బండ్లతో దిగి, ఎగువన పెద్ద గుంత తవ్వి, మా నీళ్లు ఎండగొట్టారట. ఆ కథ చెప్పేటప్పుడు నిన్న జరిగినట్టు జేజి పళ్లు కొరికేది.

అలాంటి చోటికి ఒక ఎండాకాలం సర్వేవాళ్లు వచ్చారు.

చింతతోపులో గుడారాలు లేచాయి. పెద్దసారు కన్నడసీమ మనిషి. పలచగా ఉండేవాడు, ఎండకు బాగా కమిలిపోయాడు, మెడలో ఎప్పుడూ తడి తువ్వాల. మూడుకాళ్ల బల్ల ఒకటి మిట్ట మీద నిలబెట్టి, దాని మీద కాగితం పరిచి, ఒక కన్ను మూసి దుర్భిణిలో చూసి గీత గీసేవాడు. ఏటి వెంబడి ఉన్న బట్టీలు, మిల్లు, వంతెన, గుట్టలు అన్నీ కాగితం మీదికి ఎక్కిస్తున్నాడని నాయన చెప్పాడు. గుట్టల మీదా, పాడుబడిన మంటపం మీదా తెల్లజెండాలు నాటించాడు. ఆయన చూపంతా ఆ జెండాల మీదే.

ఆ జెండాలు తెల్లగా ఉండడం నాకూ తమ్ముడికీ నచ్చలేదు. రంగులద్దే ఇంటి పిల్లలకు తెల్లగుడ్డ కనబడితే చెయ్యి ఊరుకుంటుందా? ఒక మధ్యాహ్నం, జెండా మనిషి చింతచెట్టు కింద కునుకు తీస్తుంటే, మంటపం ఎక్కి జెండా విప్పుకొచ్చాం. బానలో అడుగున మిగిలిన వంకాయరంగులో ముంచాం. బండ మీద ఆరబెట్టి, పొద్దువాలే లోపల మళ్లీ కట్టేశాం.

మరుసటి రోజు సారు దుర్భిణిలో చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. దుర్భిణి అద్దం తుడిచాడు. జెండా మనిషిని పిలిచి చీవాట్లు పెట్టాడు. నల్లరాతి మీద వంకాయరంగు గుడ్డ ఎలా కనబడుతుంది పాపం? మేము మిట్ట వెనక పడుకుని నోట్లో గుడ్డలు కుక్కుకుని నవ్వాం.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. సాయంత్రానికి ఆ జెండా పట్టుకుని సారే మా ఇంటి ముందుకు వచ్చాడు. మేము గాదె వెనక దూరాం. జేజి వాకిట్లోకి పోయి, ముందు అలవాటు ప్రకారం ఇత్తడి చెంబుతో నీళ్లిచ్చింది. ఆయన తాగి, చెంబు వైపు చూసి, మళ్లీ పోయమని చెయ్యి చాచాడు.

"పిల్లోళ్ల మీద కోపం లేదమ్మా" అన్నాడు. "ఈ గుడ్డను సబ్బు పెట్టి ఉతికించినా. రంగు పోలేదు. ఇంత మంచిగా పట్టిందంటే నీళ్లు మెత్తగా ఉండాల. ఈ తాగే నీళ్లు కూడా అవే కదా. యావ బావి నీళ్లమ్మా ఇవి? పటంలో వేసుకుంటా."

జేజి క్షణం కూడా ఆలోచించలేదు. చెయ్యి చాచి వీధి మలుపు వైపు చూపించింది. "అదో, ఆ బావివే నాయనా. ఊరంతా ఆ నీళ్లే."

బావి దగ్గర గేదెకు నీళ్లు తోడుతున్న పక్కింటామె కూడా తల ఊపింది. ఆమెది కూడా అద్దకపు ఇల్లే. సారు మలుపు దాకా నడిచి, బల్ల నిలబెట్టి, కాగితం మీద నీలం పెన్సిలుతో చుక్క పెట్టాడు. ఇప్పుడే కదా తాగాననుకుని మళ్లీ తోడించి రుచి చూడలేదు. గాదె సందులోంచి చూస్తున్న నాకు, మమ్మల్ని కొట్టలేదన్న సంతోషం తప్ప ఇంకేం లేదు.

నాయనకు మాత్రం ఆ చుక్క మింగుడుపడలేదు. ఆయన అప్పటికే చింతతోపులో సారు దగ్గర కూర్చుని రెండు మూడుసార్లు మాట్లాడి వచ్చాడు. మరుసటి మధ్యాహ్నం సంగటి ముందు కూర్చుని మొదలుపెట్టాడు.

"అమ్మా, ఆయప్పకు చెలమ చూపిద్దాం. పటంలో ఎక్కింది నిలిచిపోతాది, ఎక్కనిది రేపు ఎవురి కంటికీ కనపడదని చెప్తాండాడు."

"పటంలో ఎక్కితే పన్ను కూడా ఎక్కుతాది" అంది జేజి, చట్టిలోంచి పులుసు పోస్తూ.

"ఇసుకలో నీళ్లకు పన్నేందమ్మా? ఆయన మన నీళ్లు మోసుకుపోయేటోడా? రేపు ఎవుడన్నా వచ్చి ఈ ఏరు నాదంటే మనం ఏం చూపించాల?"

"మన చేతులు చూపించు. వాని చేతులకు రంగుండాదేమో అడుగు."

"చేతులు చూసి ఎవురు నమ్ముతారమ్మా?"

"నమ్మకపోతే ఆ గంగమ్మే చూసుకుంటాది. నువ్వు గమ్మున తిను, సంగటి చల్లారిపోతాది."

నాయన గమ్మున తిన్నాడు. ఆ ముద్ద మింగిన నాయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఊళ్లో పంచాయతీల్లో గొంతెత్తి మాట్లాడే మనిషి. నేతగాళ్లు రంగు బాగాలేదంటే వాళ్లతో వాదించి ఒప్పించే మనిషి. జేజి ముందు మాత్రం ఆయన నోట్లో ఎప్పుడూ సంగటి ముద్దే.

తర్వాత సారు ఏట్లోకి దిగి చూస్తాడని కబురు వచ్చింది. ఆ పొద్దున్న మా అద్దకపు ఇళ్లలో జరిగిన హడావిడి పెళ్లిళ్లలో కూడా చూడలేదు. బానలు కొట్టాల్లోకి పోయాయి. చిలపలు ఆరేసే వెదురు గడలు పడుకోబెట్టారు. చెలమలన్నింటికీ ముళ్లకంప, దాని మీద ఈతచాప, దాని మీద ఇసుక. పిల్లలందరినీ పిలిచి తొక్కమన్నారు. పెద్దవాళ్లే తొక్కమంటే మాకు అంతకంటే ఏం కావాలి? ఎగిరి ఎగిరి తొక్కాం. చివరికి మేకలను తోలారు. చూస్తే అక్కడ మనిషన్నవాడు ఎప్పుడూ దిగలేదనిపించేలా ఉంది.

ఒక్కటే కుదరలేదు. ఏళ్ల తరబడి రంగు కారిన ఇసుక అక్కడక్కడ గులాబిరంగులో ఉండిపోయింది. ఎంత తిరగేసినా కింద కూడా అదే రంగు.

సారు బల్ల పట్టుకుని దిగాడు. గులాబి ఇసుక దగ్గర ఆగాడు. వంగి చేతిలోకి తీసుకుని పిండి చూశాడు. తడి. తల ఎత్తి చూస్తే ఎదురుగా నేను, నా చేతులు.

"ఈ చేతులు యాడ కడుక్కుంటావు పాప?"

నా బదులు జేజి చెప్పింది. "బావికాడ."

ఆయన నవ్వలేదు, కోపగించుకోలేదు. పెన్సిలు చెవి మీద నుంచి తీశాడు. "అమ్మా, ఊళ్లోవాళ్లు చెప్పిందే నేను వేయాల. నా కంటికి వేరేగా కనపడితే మళ్లీ అడగాల. అందుకే మళ్లీ అడుగుతాండా. ఈడ నీళ్లుండాయా, ల్యావా?"

నాయన నోరు తెరిచాడు. అది నేను చూశాను. తెరిచిన నోటితోనే తల్లి వైపు చూశాడు. ఆమె ఆయన వైపు చూడనేలేదు.

"ల్యావు సామీ" అంది జేజి. "ఈ కరువు సీమలో నీళ్లు యాడుంటాయి?"

 సారు బల్ల మీద వంగి చుక్కలు పెట్టడం మొదలుపెట్టాడు. సన్నటి చుక్కలు, ఇసుక గుర్తు. ఆయన నిలబడిన చోట కాళ్ల కింద జానెడు లోతులో మా చెలమ ఉంది. పని అయిపోయాక జేజి ఆయన్ని ఊరికే పంపలేదు. "ఎండలో తిరిగినావు, దాహం తీర్చుకుని పో నాయనా" అంటూ కడవ ఎత్తి దోసిట్లో పోసింది. ఆయన కడుపునిండా తాగాడు. ఆ నీళ్లు చెలమ మూసే ముందు ఆ పొద్దున్న తోడినవే.

గుడారాలు లేచిపోయిన రోజు సారు వంకాయరంగు జెండాను మా వాకిట్లో వదిలిపెట్టి పోయాడు. జేజి దాన్ని వేడిబానలు దించే గుడ్డగా చేసుకుంది. చిరిగి పీలికలయ్యేదాకా దాని రంగు పోలేదు.

ఆ తర్వాత ఎన్ని జరిగాయో చెప్పుకుంటూ పోతే ఈ కథ తెగదు. జేజి పోయింది, నాయన పోయాడు. సున్నపు బట్టీలు ఆరిపోయాయి, మిల్లు మూతబడింది. అయినా ఆ పటంలో అవన్నీ ఇప్పటికీ ఉన్నాయి. కూలిపోయిన మిల్లుకు పొగగొట్టం గుర్తుంది, రాయి కూడా మిగలని బట్టీకి గుర్తుంది. ఏటి వెంట మిగతా అద్దకపు ఇళ్లు ఒక్కొక్కటే మూసుకున్నాయి. మిగిలింది మా ఒక్క కొట్టం, మా ఒక్క చెలమ. బతికున్నది ఒక్కటే, పటంలో లేనిది కూడా అదే.

ఇదంతా ఆ ఆఫీసులో ఎలా చెప్పను? "మా జేజి అబద్ధం చెప్పింది" అంటే సరిపోతుందా? అయినా చెప్పాను. గట్టిగానే చెప్పాను. ఆయన మళ్లీ తెర మీది చుక్కలే చూపించాడు. వెనక బల్ల దగ్గర కూర్చున్న ఒక సర్వేయరమ్మ, చిన్నవయసుదే, అంతా విని లేచి వచ్చింది. "నేను వచ్చి చూస్తానండీ. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. రాసినంత మాత్రాన గోడ ఆగుతుందని మాత్రం చెప్పలేను" అంది. ఆ మాటకే నా ప్రాణం లేచి వచ్చింది.

చెప్పిన రోజుకే వచ్చింది, గడకు తగిలించిన మిషను పట్టుకుని. మా మరదలు, అంటే మేనల్లుడి తల్లి, వాకిట్లోనే చెంబుతో నీళ్లిచ్చింది. ఆ పిల్ల తాగి "ఎంత బాగున్నాయండీ" అంది.  లేస్తున్న గోడ పునాదులు దాటుకుని ఏట్లోకి దిగాం.

ఏట్లో చెలమ లేదు. నున్నటి ఇసుక, దాని మీద మేకల అడుగులు. మేనల్లుడు నా వైపు చూశాడు, నేను వాడి వైపు చూశాను. ఇద్దరం కలిసి మరదలి వైపు తిరిగాం.

"ఏమ్మే, ఏం చేసినావు?" అన్నాను.

"పొద్దున్నే మూసినా వదినా" అంది ఆమె, అదేదో మామూలు విషయమైనట్టు. "కొత్తమనిషి మిషను పట్టుకుని వస్తాంటే చెలమ తెరిచి పెడతారా యాడన్నా? జేజి చెప్పిన మాట మర్చిపోయినావా?"

జేజి దగ్గర పని నేర్చుకున్న ఆఖరి కోడలు ఆమె. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం విన్నాను గానీ, చేతులు కాల్తుంటే ఆకులు దాచేవాళ్లను మా ఇంట్లోనే చూశాను. ఆ క్షణంలో నాకు ఆమె మీద వచ్చిన కోపం, జేజి మీద వచ్చిన కోపం, నాయన మీద వచ్చిన కోపం అన్నీ ఒకటైపోయాయి.  మోకాళ్లు సరిగా వంగకపోయినా ఇసుకలో చతికిలబడి చేతులతో తవ్వడం మొదలుపెట్టాను.

"ఇక్కడేనా అండీ?" అంది సర్వేయరమ్మ. "మాది కణేకల్ పక్క పల్లె. మాకు కాలువ ఉండాది. నీళ్లంటే పైన కనపడాల కదా?"

"ఈడ కనపడవు తల్లీ" అన్నాను. "తవ్వితేనే ఉంటాయి."

మేనల్లుడు కూర్చున్నాడు. కాసేపు నిలబడి గొణుక్కున్న మరదలు కూడా చివరికి కూర్చుని, ముళ్లకంప తానే లాగింది. ఎక్కడ పెట్టిందో ఆమెకే తెలుసు మరి. ఈతచాప కింద తడి ఇసుక వచ్చింది. ఆ తర్వాత మెల్లగా నీళ్లు. ముందు మురికిగా, తర్వాత తేటగా. సర్వేయరమ్మ వంగి వేలు ముంచి నాలుకకు తాకించుకుంది.

"ఇందాక చెంబులో ఇచ్చినవి ఇవే కదా" అంది.

"ఇవే."

ఆ పిల్ల గడ పాతింది, మిషను వైపు చూసింది, ఫోనులో ఏదో నొక్కింది. "పేరేం వేయాలండీ? పేరు లేకపోతే ఇది తీసుకోదు."

మేము ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎవరికీ తెలియకూడదని తరతరాలుగా పేరే పెట్టని చోటు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మరదలు చేతులకంటిన ఇసుక చీరకు తుడుచుకుంది.

"జేజి చెలమ అని రాసుకో" అంది.

ఇది జరిగి కొన్ని వారాలైంది. ఆఫీసు నుంచి ఇంకా జవాబు లేదు. గోడ రోజూ కొంచెం కొంచెం లేస్తూనే ఉంది. మేనల్లుడు రాప్తాడులో పని సంగతి మళ్లీ ఎత్తుతున్నాడు. నేను మాత్రం ఆ సారును తలుచుకుంటూ ఉంటాను. దాహమన్న ప్రతి మనిషికీ నీళ్లు పోసిన చెయ్యి మా జేజిది. ఆ నీళ్లను మా కోసం కాపాడిపెట్టగలిగిన ఒకే ఒక్క మనిషి కూడా ఆ చేతి నీళ్లే తాగి, చుక్కలు పెట్టుకుని వెళ్లిపోయాడు. ఈ కోపం నాతోనే పోతుంది కాబోలు.

ఆ సర్వేయరమ్మ వెళ్లిపోయిన సాయంత్రం మరదలు ఎప్పటిలాగే చెలమ మూయడానికి ముళ్లకంప పట్టుకుని ఏట్లోకి పోయింది. చాలాసేపటికి తిరిగి వచ్చింది. చేతిలో కంప అలాగే ఉంది. దాన్ని పొయ్యి పక్కన పడేసి, రొట్టెకు పిండి కలుపుకోవడం మొదలుపెట్టింది.